వేపకుప్పంలో వాక్‌స్వాతంత్ర్యం

“అదీ ఒక తిట్టేనా? వాడికి జ్వరం తగ్గిందా అని అడిగినట్టుండాది. ఇంకా గట్టిగా తిట్టరా,” అంది తల్లి దేవకమ్మ మంచంలోంచి.

గిరిప్రసాద్ అద్దం ముందు నిలబడి మళ్లీ నోరు తెరిచాడు. ఒంటినిండా బొగ్గుపొడి, నడుము చుట్టూ వేపమండలు, చేతిలో ఇంకో మండ. గంగజాతరలో తోటి వేషమంటే ఇదే. వేషం కట్టినవాడు ఎవరినైనా ఎంత మాటైనా అనొచ్చు. తిట్టేది మనిషి కాదు, గంగమ్మ. తిట్లు తిన్నవాడు చేతులు జోడించి దీవెనగా పుచ్చుకోవాలి. ఆ తల్లి నోట పడితే ఏడాదంతా కలిసొస్తుందనీ, పడకపోతే పట్టిందల్లా మన్నేననీ వేపకుప్పంలో అందరి నమ్మకం.

చిక్కల్లా గిరిప్రసాద్‌తోనే. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. బట్టల కొట్టులో చీరలన్నీ విప్పించి ఏదీ కొనకుండా పోయేవాళ్లను కూడా “మళ్లీ రండక్కా” అని సాగనంపుతాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, మునిసిపల్ ఇంజనీరు ధనంజయ సరిగ్గా అతని వాకిట్లోనే నిలువెత్తు గుంత తవ్వించి వదిలేశాడు. అందులో పడి దేవకమ్మ కాలు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించి, గుంత మీద పలక వేసి ఆమెను ఇంట్లోకి దాటించేసరికి మోసినవాళ్లకు దేవుడు కనిపించాడు. మళ్లీ మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. జాతర చివరి రోజు గంగమ్మ విశ్వరూపం చూడకపోతే ఈ బతుకెందుకని ఆమె ఏడుపు. బుద్ధెరిగినప్పటి నుంచి ఒక్క జాతరా తప్పిన మనిషి కాదు.

“ఈ వేషాలెందుకత్తా?” అంది ప్రసన్నకుమారి. ఆమె గిరిప్రసాద్ భార్య, హైస్కూల్లో సోషల్ టీచరు. “అడగందే అమ్మయినా పెట్టదు. అడిగే హక్కు మనకు రాజ్యాంగమే ఇచ్చినాది. ఒంటికి బొగ్గు పూసుకోకుండా, చొక్కా తొడుక్కొనే పోయి అడగొచ్చు.”

“నువ్వు పోయి అడిగినావు గదమ్మే. ఏమన్నాడు?”

ఇంజనీరు ప్రసన్నకుమారిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, మాట్లాడే హక్కు మీకుంది మాట్లాడండి అన్నాడు. ఆమె చట్టాలన్నీ వరసపెట్టి చెప్పింది. అంతా విని, “మరీ మర్యాదగా మాట్లాడినారు మేడమ్,” అని కొంచెం దిగులుగా గుమ్మందాకా వచ్చి సాగనంపాడు.

“రాజ్యాంగం ఇచ్చిన హక్కుకు టీ వచ్చినాది. గంగమ్మ ఇచ్చిన హక్కుకు గుంత పూడతాది, సూస్తా ఉండు,” అంది దేవకమ్మ.

“గంగమ్మ ఇచ్చేది జాతర అయ్యేదాకేనత్తా. మరుసటి రోజు ఇదే మాటంటే కేసు పెడతారు. రాజ్యాంగం ఏడాది పొడుగునా ఉంటాది.”

“ఏడాది పొడుగునా ఉండి ఏం పీకింది?”

“సూసినారా, అంత మాటనే హక్కు కూడా మీకు అదే ఇచ్చినాది!”

గుంత పూడితే హక్కు గంగమ్మది, పూడకపోతే రాజ్యాంగానిది అని అత్తాకోడళ్లు పందెం కట్టుకున్నారు. తిట్టాల్సిన మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

“నేను పోయేలోగా ఆయన ఊరొదిలి పోతేనో?” అన్నాడు గిరిప్రసాద్ ఆశగా.

“యాడికి పోతాడు? జాతర చాటింపు అయినాక పొలిమేర దాటకూడదు. పో నాయనా, నా కాలు తలుసుకోని తిట్టు.”

ఇంజనీరు ఎక్కడికీ పోలేదు. గేటు బార్లా తీసిపెట్టి, కొత్త పంచె కట్టుకుని, పసుపునీళ్ల చెంబుతో తన ఇంటి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆ భక్తి చూసి గిరిప్రసాద్ గేటు దగ్గరే ఆగిపోయాడు. వెనకే వచ్చిన ప్రసన్నకుమారి కానిమ్మన్నట్టు వీపు మీద పొడిచింది.

“ఒరేయ్... సార్,” అన్నాడు.

“సార్ అనొద్దు తల్లీ,” అన్నాడు ఇంజనీరు కళ్లు మూసుకుని. “ఒరేయ్ అన్నావు చూడు, అది బాగుండాది. ఆడినుంచి అందుకో.”

గిరిప్రసాద్ అమ్మ కాలు తలుచుకున్నాడు. మంచం మీద ఆమె ఏడుపు తలుచుకున్నాడు. అంతే, ఇన్నేళ్లూ కొట్టులో మింగినవన్నీ ఒక్కసారి పైకి తన్నుకొచ్చాయి. ఆ తిట్లు రాస్తే ఈ కథ ఎవరూ అచ్చెయ్యరు. డప్పు కొట్టేవాడు డప్పు ఆపి విన్నాడు. ప్రసన్నకుమారి రెండు చెవులూ మూసుకుని, కాసేపటికి ఒకటి వదిలింది.

“మా నాయన్ను మరిసిపోయినావు తల్లీ,” అన్నాడు ఇంజనీరు.

గిరిప్రసాద్ ఆయన్నూ కలిపాడు.

ఇంజనీరు చెంపల మీద కన్నీళ్లు కారాయి. గిరిప్రసాద్ కాళ్లకు పసుపునీళ్లు పోసి సాష్టాంగపడ్డాడు. అది చూసి గిరిప్రసాద్ గుండె కరిగిపోయింది. ఇంత మంచి మనిషిని ఎన్నెన్ని మాటలన్నాను అని సిగ్గుపడ్డాడు.

“సార్, ఆ గుంత...” అన్నాడు మామూలు గొంతుతో.

“రేపు పొద్దున్నే జేసీబీ పంపిస్తానప్పా. అమ్మను నేనే కార్లో గుడికి తీసుకపోతా.”

గిరిప్రసాద్ అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేశాడు. “సెప్పలా! గంగమ్మ ఇచ్చిన హక్కంటే అదీ!” అని దేవకమ్మ వేసిన కేక ఫోన్లోంచి వీధంతా వినబడింది. ఇంజనీరు ఆ మాటకూ దండం పెట్టాడు. పందెం పోయిన ప్రసన్నకుమారి మాత్రం అంత తేలిగ్గా వదలలేదు. గంగమ్మకు ఇంత భయపడే మనిషి, ఆ తల్లి భక్తురాలి వాకిట్లో గుంత ఎందుకు తీశాడని ఆమెకు అనుమానం వచ్చింది.

“ఒక్క మాట సార్,” అంది. “పైపు వెయ్యలేదు, కేబులు వెయ్యలేదు. అసలా గుంత ఎందుకు తవ్వించినారు?”

ఇంజనీరు కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించాడు.

“పోయిన జాతరలో నన్ను ఒక్కరూ తిట్టలేదమ్మా.”