రోజుకో లీకు

“మళ్ళీ కారుతోందా అమ్మాయ్?” అంటూ మెకానిక్ బాబాయ్ పనిముట్ల సంచీ కింద పెట్టాడు.

“మళ్ళీనే బాబాయ్. పొద్దున్నుంచీ ప్రెషర్ నిలబడట్లేదు.”

“ఈ మిషన్‌కి నా మొహం చూడందే పొద్దు గడవదనుకుంటా,” అని ఆయన స్పానర్ తీశాడు.

రెండు వారాలుగా ఇదే వరస. ఆమె పరిశోధన చేసే ల్యాబ్‌లో, వెచ్చగా ఉంచిన ఇనప్పెట్టెలో, వెంట్రుకంత సన్నటి రంధ్రమున్న ఇరవై మీటర్ల స్టీలు గొట్టం గాజుల దొంతరలా చుట్టి ఉంటుంది. అటు గ్యాసూ కాక, ఇటు ద్రవమూ కాక ఉండేలా గట్టిగా నొక్కిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ అందులో పారుతుంది. ఒక కొసన చుక్క మందు వదిలితే గంట తర్వాత రెండో కొసన తేలుతుంది. అప్పుడు కంప్యూటర్ తెర మీద లేచే కొండ ఎంత వెడల్పుందో చూసి, మందు అణువులు ఎంత వేగంగా పాకుతున్నాయో ఆమె లెక్క కడుతుంది. ఆల్కహాల్ పారించి తీసే కొలతలన్నీ నిరుడే అయిపోయాయి. ఈ కార్బన్ డయాక్సైడ్‌తో మాత్రం ఎక్కడో కారి, ప్రెషర్ పడిపోయి, కొండ వంకరపోతోంది.

బాబాయ్ సబ్బునీళ్ళు పూస్తాడు. బుడగలొచ్చిన చోట నట్టు బిగిస్తాడు. కుదిరిందో లేదో తేలాలంటే చుక్క వదిలి గంట కూర్చోవాలి. ఆ గంటా కబుర్లే. భార్య పోయిన కొత్తలో అలవాటుకొద్దీ రెండు గ్లాసుల టీ కాచి, రెండూ తనే తాగిన సంగతి కూడా నవ్వుతూనే చెప్పాడు. సాయంత్రం ప్రెషర్ దించాక, గొట్టం శుభ్రంగా తుడిచి మరీ వెళ్తాడు.

ఆ గంట తప్ప రోజంతా ఆమెకు మనిషి గొంతు వినపడదు. ఈ ఊరొచ్చి ఏడు నెలలు. ఇక్కడ పంపు రొద, ఇంట్లో ఫ్రిజ్ రొద. అక్క ఫోన్ చేసినా “తిన్నావా? సరే, పడుకో,” అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది.

అందుకే ఎవరికీ చెప్పుకోలేని పనొకటి చేస్తోంది. మొదటి రోజు లీకు నిజమైనదే. రెండో రోజు నుంచీ, పొద్దున్నే పంపు వేసే ముందు, మొదటి కొసనున్న నట్టును పావు చుట్టు వదులు చేస్తున్నది ఆమే.

ఆ గురువారం బాబాయ్ వెళ్ళిపోయాక డైరెక్టర్ ఆమెను పిలిచాడు.

“రేపు పదకొండింటికి నేనే వచ్చి చూస్తాను. ఇంకా కారుతూనే ఉంటే ఆ మెకానిక్‌ని మాన్పించేద్దాం. ఆయనతో ఇప్పుడే అనకండి.”

“ఆయన పనిలో లోపం లేదు సార్.”

“రెండు వారాల్లో పన్నెండు లీకులు. ఇంకేం కావాలండీ?”

ఇంటికెళ్ళినా ఆమెకు అన్నం సయించలేదు. తనకు తోచట్లేదని ఆ పెద్దమనిషి పొట్ట కొడుతోంది. తలుచుకుంటేనే సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున ఆమె నట్టు వదులు చేయలేదు. పైగా స్పానర్ పెట్టి బిగుతు చూసుకుంది. ఇక బాబాయ్ రోజూ రాడు. రాకపోయినా పర్లేదు, ఆయన ఉద్యోగం నిలిస్తే చాలనుకుని పంపు వేసింది.

ప్రెషర్ ముల్లు నూట యాభై దాకా ఎక్కి, మెల్లగా జారడం మొదలెట్టింది.

ఆమె గబగబా మొదటి నట్టుకు సబ్బునీళ్ళు పూసింది. ఒక్క బుడగ లేదు. అప్పటికే తొమ్మిదిన్నర. గొట్టమంతా వెతికే తీరిక లేక ఫోన్ తీసింది.

“బాబాయ్, త్వరగా రండి. పదకొండింటికి డైరెక్టర్ వస్తున్నారు. ఇవాళ కారితే మిమ్మల్ని తీసేస్తారట.”

అవతల పనిముట్ల సంచీ సర్దుతున్న చప్పుడు. “వస్తున్నానమ్మా,” అన్నాడు.

రొప్పుకుంటూ వచ్చాడు. పంపు ఆపించి, ప్రెషర్ దింపించాడు. సబ్బునీళ్ళు అడగలేదు. మొదటి కొస వంక చూడనైనా లేదు. తిన్నగా పెట్టె వెనక్కి వెళ్ళి, రెండో కొసనున్న నట్టును ఒక్క తిప్పు తిప్పాడు. ఈసారి ముల్లు నూట యాభై దగ్గర కదలకుండా నిలబడింది.

పదకొండు దాటాక తెర మీద చక్కటి కొండ లేచింది. డైరెక్టర్ కళ్ళద్దాలు సవరించుకుని చూసి, “సరే, ఆయన్నే ఉండనివ్వండి,” అని వెళ్ళిపోయాడు.

గదిలో పంపు రొద మిగిలింది. బాబాయ్ తలెత్తకుండా స్పానర్ తుడుచుకుంటున్నాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

“ఎక్కడ కారుతోందో నేను చెప్పనే లేదు బాబాయ్,” అంది ఆమె. “నాకే తెలీదు. మీకెలా తెలిసింది?”

ఆయన స్పానర్ సంచీలో పెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు.

“పొద్దుటి నట్టు నీదమ్మా, సాయంత్రం నట్టు నాది.”