గాజుపలక

పగులు పెరిగితే తెలియాలని వంటింటి గోడకు అతికించిన గాజుపలక టప్పున విరిగింది.

"ఆ తవ్వే మిషన్ ఆపించవే! సముద్రం కింద సొరంగానికి దారి నా ఇంటి కిందే దొరికిందా?" అంది పిన్ని, రెండు చేతులతో గోడను పట్టుకుని.

"ఆపితే ఇంకా కుంగుతుంది పిన్నీ. ముందున్న మట్టిని మిషనే అదిమిపట్టి ఉంచుతోంది" అంది ఆ సొరంగం పనిలోనే ఉన్న ఇంజనీరమ్మాయి.

"అయితే త్వరగా పొమ్మను."

"తొందరపడినా కుంగుతుంది."

"మరి నువ్వెందుకే అక్కడ, కుర్చీకి బరువా?"

"ఎంత కుంగుతుందో ముందే చెప్పడానికి."

పిన్ని చేతులు గోడ మీంచి జారిపోయాయి.

"అందుకేనా, రంగులు వేయిస్తానంటే వానలు వెళ్లనీ అన్నావు?"

అమ్మాయి తల దించుకుంది. "పైవాళ్లకి చెప్పాను. పగుళ్లే కదా, ఇల్లు కూలదులే అన్నారు. నా లెక్క తప్పయితే బాగుండునని రోజూ అనుకున్నా పిన్నీ."

ఇంతలో ఫోన్ మోగింది. పై అధికారి గొంతు వంటింట్లో ఖంగున వినిపించింది. "శభాష్ అమ్మాయ్! నీ అంచనా అచ్చుగుద్దినట్టు సరిపోయింది!"

ఆమె ఫోన్ పెట్టేసింది.

పిన్ని చీపురు తెచ్చి గాజుముక్కలు ఊడ్చింది. తర్వాత మెల్లగా అడిగింది:

"ఈసారి ఏ గోడో చెప్పు. మంచం ఇవతలికి జరుపుకుంటాను."