ఒక్కటే ఫిల్టరు

అమ్మోనియాలో ముంచిన దూదిని పట్టకారుతో పట్టుకుని, శిక్షణ ఇచ్చే ఆయన నా మాస్కు ముందు ఆడించాడు.

"వాసన వస్తోందా?"

కళ్ళు భగ్గుమన్నాయి. గొంతు పట్టేసింది. కానీ వస్తోందంటే మాస్కులు పనిచేయడం లేదని రాసి ఐసు ఫ్యాక్టరీ మూయించేస్తారని బావ ముందే చెప్పి ఉంచాడు. బావంటే మా అక్క మొగుడు, మా సూపర్‌వైజరు.

"లేదండీ," అన్నాను.

తర్వాత వంతు బావది. ఆయన మాస్కు పెట్టుకుని హాయిగా గాలి పీల్చాడు. కంట్లో నీటి చుక్క లేదు. అప్పుడు చూశాను. ఆయన మాస్కుకు మెరుస్తున్న కొత్త ఫిల్టరుంది. నాదానికున్నది ఎప్పటిదో పాతది.

శిక్షణ ఆయన అవతలికి వెళ్ళగానే మాస్కు లాగేసి దగ్గాను.

"ఏంటి బావా ఇది?"

"అరవకురా బామ్మర్దీ. ఒక్కటే వచ్చింది."

"అమ్మోనియా గ్యాసు లీకైతే లోపలికెళ్ళి వాల్వు కట్టేసేది నేను. గేటు బయటికి పరిగెత్తేది నువ్వు. పరుగుకి కొత్త ఫిల్టరెందుకు?"

బావ నేలచూపులు చూశాడు.

"నీకే ఇద్దామనుకున్నాన్రా. మీ అక్కే ఇవ్వనివ్వలేదు. పిల్లలున్నవాడివి, నువ్వే ఉంచుకోమంది."

బావ అబద్ధమాడితే నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఇది అబద్ధం కాదు. పొద్దున నా క్యారేజీ కట్టిచ్చి, జాగ్రత్తరా తమ్ముడూ అని గుమ్మం దాకా వచ్చింది ఆ అక్కే.

"ఇదిగో, తీసుకోరా," అంటూ బావ ఫిల్టరు విప్పబోయాడు.

"ఉంచుకో," అన్నాను. వాల్వు తిప్పే రెంచి నడుం నుంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇకమీదట లోపలికి నువ్వే వెళ్ళు బావా. అక్కకి నేను చెప్తాలే."