చల్లగా ఉన్న చక్రం

బ్రేకు తొక్కగానే కారు ఎడమవైపుకి లాగింది. వెనక సీట్లో కేకు పెట్టె జారి తలుపుకి కొట్టుకుంది.

"మళ్లీనా!" అంటూ ఆవిడ పళ్లు నూరింది.

ఆవిడ ఇంట్లోనే కేకులు చేసి, తనే కారులో తీసుకెళ్లి ఇచ్చి వస్తుంది. వెనక్కి వంగి పెట్టె మూత తీసి చూసింది. క్రీముతో వేసిన గులాబీలన్నీ ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాయి.

ఎవరో అద్దం మీద తట్టారు.

నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా. వాలు రోడ్డు చివర, బడి ముందు రోజూ నిలబడి కనిపించే పెద్దాయన. వచ్చే కార్లనీ పోయే కార్లనీ కన్నార్పకుండా చూస్తుంటాడు. పిల్లలు ఆయనకి 'బ్రేకు తాత' అని పేరు పెట్టారు.

"అమ్మా, బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతోంది కదూ?"

"లాగితే?"

"బాగు చేయించకుండా ఈ వాలులో దిగకండి. పిల్లలు తిరిగే చోటు."

"చేయించానండీ! టైర్లు మార్చాను, ఎలైన్‌మెంట్ చేయించాను. ఎడమ చక్రం బ్రేకు కూడా విప్పి చూశారు. అంతా బాగానే ఉందట."

"ఎడమది బాగానే ఉంటుందమ్మా. కుడిది చూడాలి."

ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

"ఎడమకి లాగుతుంటే కుడిది చూడటమేంటి? మీరేమన్నా మెకానిక్కా?"

"కాదు. కార్ల గురించి నాకు తెలిసింది ఇదొక్కటే. కాసేపు బ్రేకులు వేస్తూ నడపండి. తర్వాత దిగి, ముందు చక్రాలు రెండింటి దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. తాకకండి, కాలుతుంది. చల్లగా ఉన్న చక్రానికి బ్రేకు పడట్లేదన్నమాట. బ్రేకు ఒక్క చక్రానికే పడితే బండి అటే తిరిగిపోతుంది."

వెనక కార్లు హారన్లు మోగించాయి.

"పనీపాటా లేకపోతే ఊళ్లో కార్లన్నీ కావాలి మీకు! తప్పుకోండి. నా కేకు కరిగిపోతోంది."

ఆయన తప్పుకున్నాడు. తప్పుకుంటూ కూడా, "మెల్లగా వెళ్లండి తల్లీ," అన్నాడు.

బడి గేటు దగ్గర కాపలా ఉండే ఆయా ఆవిడ వైపు గుర్రుగా చూసింది.

ఇంటికెళ్లి జరిగిందంతా చెబితే భర్త నవ్వాడు.

"కారు కూడా నీ పోలికే. ఎవరెంత చెప్పినా తన దారి తనదే."

ఆ తర్వాత నవ్వు ఆపి, "పోనీ, ఆయన చెప్పినట్టు ఓసారి చూస్తే పోయేదేముంది?" అన్నాడు.

"నువ్వూ ఆయన వైపేనా?"

అంది గానీ, మర్నాడు కేకులు ఇచ్చి ఇంటికొచ్చాక అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, చక్రాల ముందు వంగింది.

ఎడమ చక్రం దగ్గర అరచెయ్యి పెడితే ఓవెన్ తలుపు తీసినట్టు సెగ కొట్టింది.

కుడి చక్రం దగ్గర ఏమీ లేదు.

కారు అక్కడే వదిలేసి మెకానిక్‌ని ఇంటికే పిలిపించింది. అతను కుడి చక్రం విప్పి నాలిక్కరుచుకున్నాడు.

"లోపల బ్రేకుని నొక్కే పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయిందక్కా. మీరెంత తొక్కినా ఈ చక్రం దాని మానాన అది తిరుగుతోంది. అందరం లాగే వైపే చూశాం. ఎవరు చెప్పారు మీకు?"

"ఒక పెద్దాయన."

"పుణ్యం కట్టుకున్నాడు."

తర్వాత కొన్నాళ్లకి, బడి వదిలే వేళ వాన పడుతోంది. ఆవిడ కారు వాలు దిగుతోంది. గాలికి ఎగిరిన గొడుగు వెంట ఓ పాప రోడ్డు మీదికి పరిగెత్తింది.

ఆవిడ ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కింది.

కారు గీత గీసినట్టు తిన్నగా వచ్చి ఆగింది. పాప గొడుగు అందుకుని, ఏమీ జరగనట్టే వెళ్లిపోయింది.

అప్పుడు ఆవిడ ఎడమవైపుకి చూసింది. ఫుట్‌పాత్ నిండా పిల్లలు, వానలో తడుస్తూ, నవ్వుకుంటూ.

స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేసింది.

కళ్లు తుడుచుకుని ఆయన కోసం వెతికింది. కనబడలేదు.

మర్నాడు ఓ చిన్న కేకు చేసి పట్టుకెళ్లింది. ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంది.

"ఎవరి కోసమమ్మా?" అని అడిగింది గేటు దగ్గర ఆయా.

"ఇక్కడ నిలబడతారే, ఆ పెద్దాయన..."

"పోయారమ్మా. మొన్న నిద్రలోనే పోయారు."

ఆవిడ చేతిలోని కేకు పెట్టె వైపు చూసింది.

"ఆ రోజు ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నాను."

"విన్నాను. ఆయన ఆ మాటలేం పట్టించుకోలేదు లెండి. సాయంత్రం నా దగ్గరికొచ్చి, 'ఆ అమ్మాయి బండి బాగు చేయించుకుంటుందంటావా?' అని మాత్రం అడిగారు."

ఆయన నిలబడే చోటు వైపు చూస్తూ ఆవిడ అడిగింది.

"ఇక్కడ ఎప్పుడో కారు కింద పడి ఓ పాప పోయిందని విన్నాను. ఆయన మనవరాలా?"

"అందరూ అలాగే అనుకుంటారు."

ఆయా గేటు ఊచలు పట్టుకుని రోడ్డు వైపు చూసింది.

"ఆ పాప నా కూతురమ్మా."

"అయ్యో..."

"మొదట్లో ఆయన ఇక్కడికొస్తే తరిమేసేదాన్ని. ఎంత తరిమినా మర్నాడు మళ్లీ వచ్చి నిలబడేవారు. చూసి చూసి నా మనసే కరిగింది. కుర్చీ తెచ్చి వేశాను. ఒక్కనాడూ కూర్చోలేదు."

"పాప మీ కూతురైతే, మరి ఆయన ఎవరు?"

ఆయా పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆ రోజు ఫుట్‌పాత్ మీదికి ఎక్కిన కారు నడిపింది ఆయనే."