కింది సగం

ముసలాయన వరుసగా ఆరో రోజు కూడా వచ్చాడు.

మూలనున్న ముక్కాలి పీట లాక్కుని 'శిశిరం' చిత్రం ముందు కూర్చున్నాడు. చేతిసంచిలోంచి నోటుబుక్కు తీశాడు. సిరా పెన్ను మూత విప్పాడు.

చిత్రకారుడికి ఒళ్లు మండింది.

"ఏసీ తాత వచ్చేశాడు సార్," అన్నాడు హాలు వాచ్‌మన్, నవ్వాపుకుంటూ.

ఆ పేరు పెట్టింది చిత్రకారుడే. ఎండ తప్పించుకోవడానికి వస్తున్నాడని మొదటిరోజే తేల్చేశాడు. కాలరు చిరిగిన చొక్కావాడికి కళతో పనేమిటి?

ప్రదర్శన హాల్లో చిత్రకారుడివి ఆరు చిత్రాలున్నాయి. ఆరు ఋతువులు. ఎండుటాకులు, బెరడు, ఇసుక, గుడ్డపీలికలు, వాటి నడుమ చేత్తో రాసిన కవితలు. చూసినవాళ్లంతా ఆకుల్ని వదిలేసి కవితల దగ్గరే ఆగిపోయారు. ఎవరు రాశారని అడిగిన ప్రతివాడికీ అతను ఒకటే జవాబు చెప్పాడు. నేనే అని.

నిజానికి అవి పాత కాగితాల కొట్లో తూకానికి కొన్న కట్టలో దొరికాయి. గుండ్రటి అక్షరాలతో నిండిన పొడుగు నోటుబుక్కు. పేరు లేదు, ఊరు లేదు. అతను చదవను కూడా లేదు. చూపుకు నచ్చిన ఆరు కాగితాల్నీ అడ్డంగా రెండుగా చించాడు. చించిన అంచు ఆకు అంచులా ఉంటుందని అతని ఊహ. పై సగాల్ని చిత్రాల్లో అతికించాడు. కింది సగాల్నీ, మిగిలిన నోటుబుక్కునీ జిగురునీళ్ల తొట్టిలో నానేసి, పిసికి, ఆ గుజ్జుతో చెట్ల మానులు చేశాడు.

అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

అక్క భర్తకు ప్రెస్సుంది. బొమ్మలూ కవితలూ కలిపి మంచి పుస్తకం వేస్తానన్నాడు. అయితే కవితలు పూర్తిగా ఉండాలన్నాడు. మూడు నెలలుగా చిత్రకారుడు కింది సగాలు రాస్తూనే ఉన్నాడు. బావ చదివి అవతల పడేస్తూనే ఉన్నాడు.

ఆ పొద్దున మళ్లీ ఫోను చేశాడు.

"ఏం బామ్మర్దీ, పైన రాసిన చెయ్యి కిందికొచ్చేసరికి పడిపోయిందా?"

"మూడ్ రావాలి బావా."

"సాయంత్రం దాకా చూస్తా. రాకపోతే నీ ఆకులు నువ్వేరుకో."

ఆ మంట ఎవరిమీదో ఒకరిమీద పడాలి. ఎదురుగా ముసలాయన ఉన్నాడు.

చిత్రకారుడు వెనకనుంచి వెళ్లి తొంగిచూశాడు. ముసలాయన చిత్రంలోని కవితను అక్షరం అక్షరం నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నాడు.

అలికిడికి ముసలాయన తలెత్తాడు. "బాబూ, ఈ కాగితాల కింది ముక్కలు ఎక్కడైనా ఉన్నాయా?"

"చెట్లో ఉన్నాయి. పిసికి మాను చేశా."

ముసలాయన లేచాడు. చిత్రంలోని మానును వేలి కొసతో తాకాడు. వేలు తీయలేదు.

"ముట్టుకోకు. నీ ఇల్లమ్మినా దాని ఖరీదు రాదు."

"ఇవి మీరే రాశారా?"

"కాకపోతే నువ్వు రాశావా?"

"నేను కాదు. నాకు రాయడం రాదు. వినడం కూడా సరిగా రాలేదు."

వాచ్‌మన్ కిసుక్కున నవ్వాడు. చిత్రకారుడు నోటుబుక్కు లాగేసుకున్నాడు. కాపీ కొట్టి రేపు సొంత పేరుతో అచ్చేసుకునే దొంగల్ని చాలామందిని చూశానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతనికి సిగ్గనిపించలేదు.

"అది ఇచ్చెయ్యండి బాబూ. ఇంకో లైనే మిగిలింది."

ఇవ్వలేదు. వాచ్‌మన్ ఆయన భుజం పట్టి బయటికి నడిపించాడు. ముసలాయన గుమ్మం దగ్గర కాసేపు చెయ్యి చాపుకునే నిలబడ్డాడు. తర్వాత వెళ్లిపోయాడు.

చిత్రకారుడు వెనకగదిలోకి వెళ్లి, ఆ నోటుబుక్కు కాగితాలు పట్టి పీకి తొట్టిలో పడేశాడు. కొత్త చిత్రానికి ఎలాగూ గుజ్జు కావాలి. రెండు చేతులతో కసిగా పిసికాడు. నీళ్లు నీలంగా మారాయి.

అట్ట నాని గుజ్జవదు. అందుకే దాన్ని పక్కన పారేశాడు. చేతులు తుడుచుకుంటుంటే అట్టకు అంటుకుని మిగిలిపోయిన ఆఖరి కాగితం కనపడింది.

పైన, ఇంకా తడారని సిరాతో, తన చిత్రంలోని కవితే ఉంది.

*ఆకులన్నీ రాల్చేశాక చెట్టుకు*
*దాచుకోవడానికేమీ*

అక్కడికి ఆగిపోయింది. తను లాక్కున్నది అక్కడే.

దాని కింద, ఎప్పుడో రాసి ఆరిపోయిన సిరాతో, తన చిత్రంలో లేని రెండు లైన్లున్నాయి.

*ఇప్పుడైనా తలెత్తి చూడు*
*ఎన్ని గూళ్లు మోసిందో.*

మూడు నెలలుగా తను వెతుకుతున్నది అదే.

చిత్రకారుడు తొట్టిలో మోచేతులదాకా చేతులు ముంచాడు. మిగతా అయిదు ఋతువులు నీలం ముద్దలై వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.

"ఒరేయ్, ఆ పెద్దాయన్ని పిలవరా," అని అరిచాడు.

వాచ్‌మన్ పరుగెత్తాడు. వీధి చివరిదాకా వెళ్లి ఒక్కడే తిరిగొచ్చాడు. ఏ వైపు పోయాడో తెలియదన్నాడు. పేరు తెలిస్తే అడిగేవాణ్ణన్నాడు.

పేరు కోసం చిత్రకారుడు అట్ట తిప్పాడు. పేరు లేదు. లోపలివైపు పెన్సిలుతో, రాయడం అలవాటు లేనివాడి వంకర అక్షరాలతో ఇలా ఉంది:

"మా ఆవిడ చనిపోయిన నెలకు అటక సర్దుతూ ఆమె నోటుబుక్కు తూకానికి వేసింది నేనే. ఆమె చదివి వినిపిస్తుంటే నాకు కునుకు పట్టేది, ముగింపుకొచ్చేసరికి మోచేత్తో పొడిచి లేపేది, అందుకే నా దగ్గర కింది సగాలే ఉన్నాయి."