ఎం వరుస, పదిహేనో సీటు

“దీన్నెవరు ఉతకమన్నారు?”

మెర్విన్ వాషింగ్ మెషీన్ ముందు నిలబడి, ఆకుపచ్చా తెలుపూ చారల ఉన్ని మఫ్లర్‌ని రెండు చేతులా సాగదీస్తున్నాడు. ఎంత లాగినా మూరెడు తక్కువే వస్తోంది.

“అన్నీ సాస్ మరకలు మామయ్యా. కంపు కొడుతోంది,” అంది కోడలు లీనెట్, ఓవెన్‌లో గొర్రె తొడని తిప్పిపెడుతూ.

“కొడితే కొట్టనీ. ఇది సీటు ఈ చివర్నించి ఆ చివరికి పరుచుకునేది. ఇప్పుడు చేతిరుమాలంత చేసిపెట్టావు. ఖాళీ అనుకుని ఎవడో ఒకడొచ్చి కూలబడతాడు.”

“కూర్చోనివ్వండి. సీటున్నది కూర్చోడానికేగా!”

“అది వాల్డా సీటు!”

ఆ మాట వస్తే ఆ ఇంట్లో ఎంతటి గొడవైనా అక్కడితో సరి. లీనెట్ మూతి ముడుచుకుని బంగాళాదుంపల చెక్కు తీయడంలో పడింది.

మెల్‌బోర్న్ పెద్ద ఫుట్‌బాల్ మైదానంలో, ఆట నడిమధ్యకి ఎదురుగా ఉంటుంది ఎం వరుస. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట పద్నాలుగో సీటు తన పేరనా, పదిహేనోది భార్య వాల్డా పేరనా రాయించుకున్నాడు మెర్విన్. గత ఆరు సీజన్లుగా పదిహేనులో మఫ్లర్ ఒక్కటే కూర్చుంటోంది. ఆ వరుసలో వాళ్ళు దాన్ని తాకకుండా, అడుగులో అడుగేసి దాటతారు.

ఒకసారి లీనెట్ పై అంతస్తు టికెట్టు మీద వెళ్ళి, విరామంలో మామగారిని పలకరించబోయింది. ఇవాళ జనం ఎంతమందని బోర్డు మీద అంకె పడకముందే వరుసంతా పందెం కాస్తోంది.

“డెబ్భై ఒక్క వేల రెండొందలు,” అన్నాడు మెర్విన్.

“వాల్డాని కలిపా, కలపకుండానా?” అని మెత్తగా అడిగాడు పక్కాయన.

“కలిపే,” అని మెర్విన్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. వెంటనే ఎవరో ఆయన చేతిలో వేడివేడి మాంసం పఫ్ పెట్టారు. ఇంకెవరో భుజం తట్టారు. వెనక వరుస డోరిన్ లీనెట్ చెయ్యి పట్టుకుని, “మీ అత్తగారు పైనుంచి చూస్తూనే ఉంటుందమ్మా,” అంది. లీనెట్ నోరు తెరిచి, మామగారి మొహం చూసి, మళ్ళీ మూసుకుంది.

మొన్న బుధవారం క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. పదిహేనో సీటు కార్డు ఆరేళ్ళుగా గేటు దగ్గర ఒక్కసారి కూడా నమోదు కాలేదనీ, జనం లెక్కలో ఆ సీటు ఎప్పుడూ ఖాళీయేననీ, ఈ సోమవారంలోగా కూర్చునే మనిషి పేరు చెప్పకపోతే ఎదురుచూస్తున్నవాళ్ళకి ఇచ్చేస్తామనీ. వచ్చే శనివారమే గ్రాండ్ ఫైనల్. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత తమ జట్టు ఆడుతోంది. సీటున్నవాళ్ళకే టికెట్టు.

లీనెట్ కూతురు కీలీకి పందొమ్మిదేళ్ళు. గ్రాండ్ ఫైనల్ అంటే దానికి టీవీయే. ఈ ఒక్క సీటు దానికిప్పిస్తే చాలని లీనెట్ నాలుగు రోజులుగా మామగారిని అడిగిన తీరున అడక్కుండా అడుగుతోంది.

“పోనీ ఇంకో మాట మామయ్యా,” అంది, చెక్కు తీయడం ఆపి. “మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయంటున్నారు కదా. మెట్లెక్కలేనివాళ్ళకి గోల్ వెనకాల చదునుగా జాగా ఇస్తారట. తోడు మనిషికి కూడా. ఊరికే ఒక ఫారం నింపితే చాలట.”

“ఏటా పంపుతారు ఆ ఫారం. ఏటా చించి పారేస్తాను. ఎం వరుస వదిలి గోల్ వెనక కూర్చోవాలా నేను? అక్కణ్ణించి ఏం కనపడతాయి, ఆటగాళ్ళ పిర్రలు తప్ప?”

లీనెట్ మొగుడు గ్రాంట్ బీరు సీసాలు పట్టుకుని లోపలికొచ్చాడు. “నాన్నని కదపకు,” అన్నాడు ఆమె చెవిలో. “సీటు పోతుందంటే తనే దారికొస్తాడు.”

“రాకపోతే?”

“ఆ సీటు పరాయివాళ్ళ పాలు చేస్తాడా! చూస్తూండు.”

ఒంటిగంటకి అందరూ బల్ల చుట్టూ చేరారు. లీనెట్ మాంసం కోసి వడ్డించింది. ఒక పళ్ళెంలో మాత్రం కాస్త మెత్తగా చిదిమి, పైన గ్రేవీ పోసి, మూతపెట్టి పక్కనుంచింది. కీలీ తలెత్తకుండా బఠాణీలు లెక్కపెడుతోంది. మెర్విన్ ఫోర్కుతో గ్లాసు మీద టింగుమనిపించాడు.

“బాగా ఆలోచించాను,” అన్నాడు. “పదిహేనో సీటు కీలీ పేరుకి మారుస్తున్నా. శనివారం నాతో వస్తుంది.”

కీలీ కెవ్వుమని లేచి తాత మెడకి చుట్టుకుంది. కుర్చీ వెనక్కి పడింది. లీనెట్ కళ్ళు తుడుచుకుంది. గ్రాంట్ నే చెప్పలేదా అన్నట్టు కనుబొమ్మ ఎగరేశాడు.

కీలీ కుర్చీ లేపుకుని కూర్చున్నాక సంబరం కాస్త తగ్గింది. “తాతా, మరి నానమ్మ? తన సీటు కదా, బాధ కాదూ?”

“ఇప్పుడు నానమ్మకి ఇవన్నీ ఏం పడతాయే,” అన్నాడు గ్రాంట్, బంగాళాదుంప నములుతూ.

“యాభై ఏళ్ళ కాపురంలో నాకెప్పుడూ ఎదురు చెప్పలేదు మీ నానమ్మ,” అన్నాడు మెర్విన్. “ఇప్పుడు చెబుతుందా?”

అందరూ నవ్వారు. మెర్విన్ గ్లాసెత్తాడు.

“వాల్డాకి!”

“వాల్డాకి!”

గ్లాసులు గణగణమన్నాయి.

“మరి నేనెక్కడ కూర్చోవాలి?” అంది వాల్డా, వెనక గదిలో చక్రాల కుర్చీలోంచి.