మెట్ల మీద తోడు

"తొందరపడకమ్మా. కమ్మీ పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను మామయ్యా. మీరూ పట్టుకోండి. మీరు తూలితే నేనూ తూలిపోతాను."

పెద్దాయన వెంటనే కమ్మీ పట్టుకున్నారు. రెండో చేత్తో కోడలి చేయి పట్టుకుని ఒక్కో మెట్టే దింపుతున్నారు. కొడుకు కింద నిలబడి రెప్పవేయకుండా చూస్తున్నాడు. ఈమధ్య అతని భార్యకు మెట్లు చూస్తే చాలు, కళ్ళు తిరుగుతున్నాయి.

తండ్రి వాలకం మాత్రం అతనికి వింతగా ఉంది. రేకులు వంచే ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో ఆయనకు జాగ్రత్త అన్న మాటే గిట్టేది కాదు. చేతులు లోపల పడి నలగకుండా, రెండు చేతులతో రెండు మీటలు నొక్కితే తప్ప మిషను కదలకుండా ఏర్పాటు చేస్తే, ఒక మీటకు తీగ చుట్టేసి ఒంటిచేత్తో నడిపిన ఘనుడు. "చేయి తిరిగినవాడికి ఇవన్నీ దేనికి?" అనేవారు. అలాంటి మిషన్లకు రక్షణ ఏర్పాట్లు రూపొందించే అమ్మాయే కోడలైంది. ఇంకేముంది, ఇద్దరికీ రోజూ వాదనే.

మొన్నామధ్య ఈ మెట్ల మీదే జారి ఆయన మోకాలు వాచింది. కొడుకు చేతికర్ర తెచ్చిస్తే, "నేనేమన్నా ముసలాణ్ణా?" అని అటకెక్కించారు. కుంటుతూనే దిగారు గానీ కమ్మీ ముట్టుకుంటే ఒట్టు.

అలాంటి మనిషి ఇప్పుడు కోడలి కోసం కమ్మీ మరలు బిగించారు. మెట్ల అంచులకు గరుకు పట్టీలు అతికించారు. స్నానాలగదిలో గోడకు పిడి పెట్టి, "రోజూ నేను పట్టుకుని చూస్తున్నాలే, గట్టిగానే ఉంది" అని భరోసా కూడా ఇచ్చారు.

"నేను లేకుండా దిగావో, ఊరుకునేది లేదు!" అన్నారు కిందికి చేరాక.

"మిమ్మల్ని పిలవకుండా దిగుతానా?"

పెద్దాయన ముఖం విప్పారింది. తనలో తను పాడుకుంటూ మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళారు. ఆయన్ని అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళైందో! అయినా కొడుకు దిగులు తీరలేదు.

"ఆ డాక్టరు మందులకి నీ కళ్ళు తిరగడం తగ్గట్లేదు. రేపు ఇంకొకరికి చూపిద్దాం పద. నువ్వు పడితే నేనేమైపోవాలి?" అన్నాడు భార్యతో.

ఆమె పెరటివైపు ఓసారి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"మామయ్య మోకాలు కుదిరాక తగ్గిపోతుందిలెండి."